షెడ్ల వీధి తీర్మానం

కాశీబుగ్గలో జీడి షెడ్ల వీధికి సిమెంటు రోడ్డు ఉంది. వేసి ఇరవై ఏళ్ళు దాటినా గట్టిగానే ఉంది. ఆ రోడ్డు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అటువైపు వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి మార్కెట్టు మీంచి పోతాను. మా ఆయన నవ్వుతాడు, ఆ రోడ్డు నీకేం అపకారం చేసిందని. రోడ్డు ఏమీ చెయ్యలేదు, చేసింది నేను. ఆ రోడ్డు వెయ్యాలన్న వార్డు తీర్మానం నా చేత్తో రాశాను, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు కాన్వెంటులో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ షెడ్లలో జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించింది. కాల్చిన పిక్కని రాయి మీద నిలబెట్టి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. తొక్క పగలాలి, లోపలి పప్పు విరక్కూడదు. ఆ తొక్కలోంచి కారే నూనె చర్మాన్ని తినేస్తుంది. అది అంటకుండా చేతులకి బూడిద రాసుకుంటారు. బూడిద ఎంతసేపని ఆగుతుంది? పనిలో చేరిన ఏడాదికే వేళ్ళూ అరిచేతులూ నల్లబడిపోతాయి. సబ్బుకి పోదు, చింతపండుకి పోదు, కిరసనాయిలుకీ పోదు. పెళ్ళిళ్ళలో పాయసంలో తేలే ఆ తెల్లటి పప్పుని చూసి ఎవరైనా మెచ్చుకుంటే నాకు చికాకుగా ఉంటుంది.

మా వీధి ఆడవాళ్ళకి ఒక అలవాటుండేది. షెడ్డులో తమలో తాము ఉన్నంతసేపూ చేతుల గురించి పట్టింపు లేదు. ఒకరి చేతులు చూసి ఒకరు వేళాకోళాలాడేవారు. పరాయివాళ్ళ ముందుకి వస్తే మాత్రం రెండు చేతులూ కొంగులోకి వెళ్ళిపోయేవి. బస్సులో కండక్టరుకి డబ్బులు కొంగు చివరనుంచే అందించేవారు. పేరంటానికి వెళ్తే తాంబూలం కొంగు పట్టి తీసుకునేవారు. ఎవరూ నేర్పలేదు. పిల్లలకి కూడా అది తెలుసు. నేను స్కూల్లో చదివే రోజుల్లో అమ్మ గేటు దగ్గరికి వస్తే, ఆమె మొహం కన్నా ముందు చేతులు లోపలున్నాయా బయటున్నాయా అని చూసేదాన్ని. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ చూసేదాన్ని.

షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. ఇళ్ళల్లోనూ లేవు. తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వీధి చివర తుమ్మపొదల్లోకి వెళ్ళేవారు. పగలు మరీ ఆగలేకపోతే ఇద్దరు కాపలా నిలబడితే ఒకరు వెళ్ళేవారు. ఆ ఇబ్బంది పడలేక అందరూ కనిపెట్టిన ఉపాయం నీళ్ళు తాగకపోవడం. బట్టీల వేడిలో పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతు తడపకుండా కూర్చునేవారు. మా అమ్మకి మూత్రంలో మంట మొదలైంది. జ్వరాలు వచ్చిపోయేవి. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ గట్టిగా మందలించింది. నీళ్ళు తాగకపోతే కిడ్నీలకి దెబ్బని చెప్పింది. మా అమ్మ పుట్టిల్లు వజ్రపుకొత్తూరు వైపు. కొబ్బరితోటల మధ్య ఊరు, ఇంటికొకరికి కిడ్నీ జబ్బు. అక్కడివాళ్ళకి ఆ మాట విడిగా వివరించి చెప్పక్కర్లేదు. ఆమె తమ్ముడు ఆ జబ్బుతోనే మంచం పట్టి పోయాడు. డాక్టరమ్మ చెప్పినదంతా తలవంచుకుని వింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ నీళ్ళు ముట్టకుండా పనికి వెళ్ళిపోయింది.

అలాంటి రోజుల్లో, ఊళ్ళలో ఏ పనికి డబ్బు ఖర్చు పెట్టాలో జనమే తేల్చుకోవాలని సర్కారు సభలు పెట్టించింది. వార్డుకి ఒక పని. సభ పెడతారు, ఆఫీసరు వస్తాడు, ఎక్కువమంది ఏది కావాలంటే అది మంజూరు. ఈ మాట మొదట విన్నప్పుడు నాకు పట్టరాని సంతోషం. మా వార్డులో షెడ్ల ఆడవాళ్ళే నలభైమంది దాకా ఉంటారు. షావుకార్లు, వాళ్ళ గుమాస్తాలు, లారీల వాళ్ళు అందరూ కలిసినా ఇరవై మంది లేరు. ఇందులో ఓడిపోయే మార్గమే లేదనుకున్నాను.

రోజూ కాన్వెంటు వదిలాక వారం రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాను. వీధి మొదట్లో ఖాళీగా పడున్న సర్కారు స్థలం ఎంతుందో కొలిపించాను. నాలుగు గదుల మరుగుదొడ్డి, ఒక నీళ్ళ తొట్టి, చుట్టూ గోడ కావాలని అర్జీ రాశాను. వార్డు మెంబరు చదివి, "బాగానే రాసినావు పంతులమ్మా. సభలో తీర్మానం కూడా నువ్వే రాసీ, మా గుమాస్తా రాత ఎవలికీ అర్థం కాదు," అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. ఆఫీసరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటానని.

షెడ్డులో ఆడవాళ్ళు కూడా అదే మాట. మా ఎదురింటి మామ్మ అందరికన్నా పెద్దది, ముప్ఫై ఏళ్ళుగా పిక్కలు కొడుతోంది. గది తలుపుకి లోపల గడియ ఉండాలని ఆమె పట్టు. "గడియ లేకపోతే అదేటి దొడ్డే? పొదే నయం," అంది. ఏ రంగు వెయ్యాలో కూడా మాట్లాడుకున్నారు. మా అమ్మ వాళ్ళ మాటలు వింటూ నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

సభ ముందురోజు సాయంత్రం వాళ్ళందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి, పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. ఉతికిన చీరలు కట్టుకు రండి, తలలు దువ్వుకోండి, ముందు వరసలో కూర్చోండి, గోల చెయ్యకండి. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. "పెద్ద ఆఫీసరు వస్తాడు. ఆ చేతులు కనబడనీకండి, కొంగులో పెట్టుకోండి," అన్నాను. వాళ్ళెలాగూ పెట్టుకుంటారు, నేను చెప్పక్కర్లేదు. అయినా చెప్పాను. నాతో పాటు నా వాళ్ళు కూడా మర్యాదస్తుల్లా కనిపించాలని చెప్పాను. మా అమ్మ నావైపు ఒక్కసారి చూసి, మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది.

సభ బడి ఆవరణలో, షామియానా కింద. అది చాలక ముందు వరసల మీదికి కాస్త ఎండ వస్తోంది. ఆడవాళ్ళందరూ వచ్చారు. ఒకపూట కూలి వదులుకుని వచ్చారు. చెప్పినట్టే ముందు వరసల్లో, ఉతికిన చీరల్లో, చేతులు కొంగుల్లో పెట్టుకుని కూర్చున్నారు. చూసి మురిసిపోయాను. మగవాళ్ళు వెనక కుర్చీల్లో కూర్చున్నారు.

ముందు షావుకారు లేచాడు. ఆ వీధిలో అన్నిటికన్నా పెద్ద షెడ్డు ఆయనదే, మా అమ్మ పనిచేసేదీ అందులోనే. మెత్తగా మాట్లాడతాడు. వానాకాలంలో లారీలు బురదలో దిగబడిపోతున్నాయి, సరుకు రాకపోతే పని ఉండదు, పని లేకపోతే మా ఆడపడుచులే పస్తులుండాలి అన్నాడు. సిమెంటు రోడ్డు వేస్తే అందరికీ మంచిదన్నాడు. మా ఆడపడుచులు అన్నప్పుడు గొంతు కాస్త వణికించాడు కూడా. ఆ ఆడపడుచులు పొద్దున్నించి ఎక్కడికి వెళ్తున్నారో ఆయన ఎప్పుడూ అడగలేదు. తరవాత ఆఫీసరు నా అర్జీ తనే చదివాడు. మంచివాడే. ఎవరి పక్షమూ లేదు. అందుకే ఆయన మీద కోపం ఎలా పెట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

"రోడ్డు కావాలనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు.

వెనకనుంచి పద్దెనిమిది చేతులు లేచాయి. నేను రాసుకున్నాను.

"మరుగుదొడ్డి కావాలనేవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

ముందు వరసల్లో కొంగులు కదులుతున్నాయి. లోపల చేతులు కదులుతున్నాయి, బయటికి రావడం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆఫీసరు మళ్ళీ అడిగాడు. ఎదురింటి మామ్మ, "మాకే కావాలి బాబూ," అంది.

"నోటితో చెప్తే కుదరదమ్మా, చెయ్యెత్తాలి. ఎత్తిన చేతులే లెక్క," అన్నాడు ఆయన, చిరాకు లేకుండానే.

మామ్మ చెయ్యెత్తింది. కొంగు తియ్యకుండా, కొంగుతో సహా ఎత్తింది. చెయ్యి తల మీదికి వెళ్ళింది, కొంగు దాన్ని కప్పే ఉంది. చూసేవాళ్ళకి ఎండకి ముసుగు సర్దుకుంటున్నట్టే ఉంది. ఆమెని చూసి ఇంకో ముగ్గురు అలాగే ఎత్తారు. ఆఫీసరు వార్డు మెంబరు వైపు తిరిగి, "పాపం వాళ్ళకి ఎండ తగులుతున్నట్టుంది, కాస్త లోపలికి జరగమనండి," అన్నాడు.

అప్పుడు నేను లేవాలి. లేచి, అవి చేతులండీ, లెక్కపెట్టండి అనాలి. లేదా ఆడవాళ్ళ వైపు తిరిగి, కొంగు తీసి చూపించండే అనాలి. నేను ఎత్తకూడదు, రాసేవాళ్ళకి ఓటు లేదని మెంబరు ముందే చెప్పాడు. నోరు తెరవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఒకటే, నలభై నల్లటి చేతులు ఒక్కసారి గాల్లోకి లేస్తే వాటిలో మా అమ్మది కూడా ఉంటుంది, పక్క కుర్చీలో ఆఫీసరు చూస్తాడు. అంతే. ఇంత చదువు చదివి, వారం రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి అక్కడ ఆగిపోయాను. నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

"వ్యతిరేకించేవాళ్ళు ఎవరూ లేరు కదా? అయితే రోడ్డు. ఏకగ్రీవంగా అని రాయండి టీచరుగారూ," అన్నాడు ఆఫీసరు.

రాశాను. దాని కింద గీత కూడా గీశాను.

అంతటితో అయిపోలేదు. సభకి వచ్చినట్టు అందరూ పుస్తకంలో సంతకాలు పెట్టాలి, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యాలి. ఆడవాళ్ళు వరసలో వచ్చారు. అప్పుడు తప్పలేదు, చేతులు బయటికి తీశారు. నలభైమందీ, ఒక్కొక్కరే, ఆఫీసరు కళ్ళ ముందు. వార్డు మెంబరు ఇంకు డబ్బా ముందుకి జరుపుతూ, "వీళ్లకి ఇంకు ఎందుకండీ, ముందే పూసుకొచ్చినారు," అన్నాడు. వెనక కుర్చీలు నవ్వాయి. షావుకారు కూడా నవ్వాడు. ఆ రంగు ఎవరి పనిలో అంటిందో ఆయనకి తెలుసు. అయినా నవ్వాడు.

ముద్రలు సరిగ్గా పడలేదు. నూనె తిన్న వేళ్ళకి గీతలు అరిగిపోయాయి, కాగితం మీద నల్లటి మచ్చలే పడుతున్నాయి. గుమాస్తా ఒకడు ప్రతివాళ్ళ బొటనవేలు పట్టుకుని మళ్ళీ మళ్ళీ అద్దించాడు. మా అమ్మ చేత మూడుసార్లు వేయించాడు. నేను పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఆమె తల ఎత్తలేదు. తమకి అక్కర్లేని రోడ్డు కింద అందరూ ముద్రలు వేసి, చేతులు మళ్ళీ కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మామ్మ మాత్రం మా గుమ్మం ముందు ఆగింది. నన్ను కడిగేసింది.

"సేతులు దాసుకోమని సెప్పింది నువ్వే. దాసుకున్నాం. మరి ఎత్తమన్నప్పుడు ఆయన్నేటి సూత్తావే? మాకేసి సూడాలి. నువ్వు ఒక్కమాట, తియ్యండే అంటే తీసీవోలం కాదా? మాకు నువ్వే గదా పెద్ద ఆఫీసరువి. నోట్లో ఏటి ఎట్టుకున్నావు?"

మా అమ్మ కల్పించుకుంటుందేమోనని చూశాను. ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది.

తరవాతి సోమవారం సెలవు పెట్టి టెక్కలి వెళ్ళాను. పెద్ద ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. చివరికి ఒక సూపరింటెండెంటు పుస్తకం తెప్పించి నా ముందు తెరిచాడు.

"ఈ రాత ఎవరిదమ్మా?"

"నాదేనండీ."

"ఏకగ్రీవంగా అని రాసింది మీరేనా?"

"నేనే. కానీ అక్కడ జరిగింది..."

"కింద నలభై మంది వేలిముద్రలున్నాయి. ఇష్టం లేకపోతే ఎందుకు వేశారు? చదువుకున్నవారు, మీరే ఇలా అంటే ఎలా?"

అవి వచ్చినట్టు వేసిన ముద్రలే గానీ ఒప్పుకున్నట్టు కాదని చెప్పాను. గొంతు పెంచే చెప్పాను. ఆయన పుస్తకం మూసేసి, బయట ఇంకా జనం ఉన్నారని చెప్పాడు. తిరిగొచ్చే బస్సులో పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. పక్కనావిడ వంట్లో బాగాలేదా అని అడిగింది.

రెండు నెలల్లో రోడ్డు పని మొదలైంది. లారీలు తిరగడానికి చోటు చాలదని వీధి చివర తుమ్మపొదలన్నీ పీకేశారు. ఒక్క మధ్యాహ్నంలో యంత్రం వచ్చి నేలమట్టం చేసి పోయింది. ఆ పొదలు ఎవరికి ఎందుకు అవసరమో ఆ డ్రైవరుకి చెప్పడానికి కూడా నోరు రాని సంగతి. మరుగుదొడ్డి రాకపోగా ఉన్న చాటు కూడా పోయింది. ఇప్పుడు చీకట్లో రైలు పట్టాలు దాటి చాలా దూరం వెళ్ళాలి. పగలైతే ఎక్కడికీ లేదు. మా అమ్మ రాత్రి అన్నంలో కూడా మజ్జిగ మానేసింది.

రోడ్డు ఆరిన మొదటి రోజున సరుకు లారీలు వచ్చాయి. పొద్దున్న తొమ్మిదింటికి మామ్మ షెడ్డులోంచి లేచి వచ్చి, రోడ్డు నడిమధ్య, మొదటి లారీకి ఎదురుగా గొంతుక్కూర్చుంది. వెనకే మిగతావాళ్ళు. నేను కాన్వెంటుకి వెళ్తూ చూశాను. డ్రైవరు హారన్ కొట్టాడు. షావుకారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏటిది మామ్మా, లెగండి, పనుంది," అన్నాడు.

"మాకూ పనుంది బాబూ," అంది మామ్మ. "రోడ్డు మేవే అడిగినాం గదా. ముద్దర్లు కూడా ఏసినాం. మా రోడ్డు మీద మేం కూకుంటాం. పొదలు పీకీసినారు, ఇంకెక్కడికి ఎల్తాం? లారీని ఎనక్కి తియ్యమను, లేదంటే మొగం తిప్పుకోమను."

షావుకారు మొహంలో నెత్తురు చుక్క లేదు. మార్కెట్టు జనం మూగుతున్నారు. నాకు ఆ రోజు కలిగిన ఆనందం ఇంకెప్పుడూ కలగలేదు, అందులో నా ప్రమేయం ఏమీ లేకపోయినా. అరగంట కూర్చున్నారు. చివరికి షావుకారు దిగొచ్చాడు. గిడ్డంగి వెనక తన గుమాస్తాల కోసం కట్టించిన దొడ్డి ఒకటి ఉంది, షెడ్డు ఆడవాళ్ళు దాన్ని వాడుకోవచ్చన్నాడు. జయించామనుకుని అందరూ లేచారు.

దానికి తాళం ఉంది. తాళంచెవి గుమాస్తా మెడలో ఉంటుంది. ఎవరికి అవసరమైనా వెళ్ళి ఆయన ముందు నిలబడి అడగాలి. నడివయసు మనిషి. లెక్కలు రాసుకుంటూ, వినబడనట్టు రెండుసార్లు అడిగించుకుని, ఎందుకు అని అడిగి, అప్పుడిస్తాడు. మామ్మ లాంటివాళ్ళు తిట్టి లాక్కునేవారు. చాలామంది తల వంచుకుని అడిగేవారు. మా అమ్మ అసలు అడగలేదు. ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నెల తిరిగేసరికి మళ్ళీ జ్వరం. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె మీద విరుచుకుపడ్డాను. దొడ్డి ఉంది కదా, అందరూ వెళ్తున్నారు కదా, ఒక్క మాట అడిగితే నోరు పోతుందా, ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అని అరిచాను. ఆమె పడుకునే ఉంది. నా అరుపులన్నీ అయ్యేదాకా విని, గోడవైపు తిరిగి, కోపం లేకుండా అంది.

"రాసింది నువ్వు. అడగాల్సింది నానా?"

మర్నాటి నుంచి మధ్యాహ్నం కాన్వెంటు వదలగానే నేనే షెడ్డుకి వెళ్ళేదాన్ని. గుమాస్తా తల ఎత్తకుండా, "మీకేనా టీచరమ్మా?" అని అందరికీ వినబడేలా అడిగేవాడు. మా అమ్మకి అని అందరికీ వినబడేలానే చెప్పేదాన్ని. ఆమె పని మానేసేదాకా నాలుగేళ్ళు, పని ఉన్న ప్రతిరోజూ చెప్పాను. నేను అడగడం మొదలుపెట్టాక ఆమె పొద్దున్న పనికి వెళ్ళేముందు ఒక గ్లాసు నీళ్ళు తాగేది. ఎంత బతిమాలినా రెండోది ముట్టేది కాదు. రెండో గ్లాసు తాగితే నేను ఆ మనిషిని రెండోసారి అడగాల్సి వస్తుందని ఆమెకి తెలుసు.